ఏడు సెకన్ల డ్రమ్ బ్రేక్‌ను ఈక్యూతో మలచుకోవడం ఎలా?

1969లో అమెరికాలో ‘ద విన్‌స్టన్స్’ అనే బృందం ఒక చిన్న రికార్డు విడుదల చేసింది. దాని రెండో వైపున ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్యగీతం ఉంది. మధ్యలో ఒకచోట మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి. డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కరే నాలుగు బార్లు (ఆవర్తాలు) వాయిస్తారు. ఇలా డ్రమ్స్ ఒక్కటే మోగే చోటును బ్రేక్ అంటారు. మొత్తం ఏడు సెకన్లు. 1980లలో హిప్‌హాప్ సంగీతకారులు, ఆ తరువాత 1990ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతం చేసినవాళ్లు ఆ ఏడు సెకన్లను రికార్డు నుంచి తీసుకుని (శాంపిల్ చేసి), ముక్కలుగా కోసి, వేగం పెంచి వేల పాటల్లో వాడారు. ‘ఆమెన్ బ్రేక్’ అనే పేరు అలా స్థిరపడింది.

ఇంట్లో కంప్యూటర్ మీద సంగీతం చేసుకునేవారు ఈ బ్రేక్‌ను తీసుకుని, వేగం పెంచి, తమ బేస్ లైన్ పక్కన పెట్టగానే మొదట నిరాశపడతారు. పేరున్నవాళ్ల పాటల్లో ఛాతీని తాకిన ఆ దెబ్బ ఇక్కడ రేకు డబ్బా మీద కొట్టినట్టు వినబడుతుంది. ఆ దూరాన్ని తగ్గించడంలో ఈక్యూ (ఈక్వలైజర్, అంటే మంద్రం నుంచి తారం దాకా ధ్వనిలోని ఒక్కో భాగాన్ని విడిగా పెంచి, తగ్గించే సాధనం) చేసే పని పెద్దది. ఆమెన్ బ్రేక్‌నే ఉదాహరణగా పెట్టుకుని ఆ పని ఎలా చేయాలో చెబుతాను. మీ చేతిలో ఉన్నది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన ‘ఫంకీ డ్రమ్మర్’ బ్రేక్ అయినా, మరే పాత రికార్డు ముక్క అయినా పద్ధతి ఇదే.

ముందుగా ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. విడివిడి శబ్దాలతో బీట్ కట్టినప్పుడు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒక ట్రాక్‌లో, స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) ఇంకో ట్రాక్‌లో ఉంటాయి. దేని ఈక్యూ దానిదే. బ్రేక్ అలా కాదు. కిక్, స్నేర్, రైడ్ సింబల్ (కర్రతో లయ నడిపే పెద్ద లోహపు పళ్లెం), గది ప్రతిధ్వని, టేపు బుస, రికార్డు మీది చిటపట అన్నీ కలిసిన ఒకే ముద్ద అది. కలిపేసిన పులిహోరలోంచి చింతపండును వెనక్కి తీయలేం కదా, ఇదీ అంతే. స్నేర్ కోసం 4 కిలోహెర్ట్జ్ పెంచితే రైడ్ కూడా పెరుగుతుంది. కిక్ కోసం 80 హెర్ట్జ్ పెంచితే గది హోరు కూడా పెరుగుతుంది. అందుకే ఏ నాబ్ మీద చేయి వేసినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బ్యాండ్‌లో (ఈ ధ్వని పరిధిలో) ఇంకెవరు కాపురం ఉంటున్నారు? ఈ వ్యాసంలోని పద్ధతులన్నీ ఆ ప్రశ్న నుంచి పుట్టినవే.

శాంపిల్ శుభ్రంగా ఉందా?

ఫైలు వేవ్ రూపంలో ఉంటే మంచిది. బాగా కుదించిన ఎంపీ3లో పైస్థాయి శబ్దాలు చాలావరకు పోతాయి. మిగిలిన వాటిని ఈక్యూతో పెంచితే సింబల్ నీళ్లలో మోగినట్టు వినబడుతుంది. దాన్ని ఏ ఈక్యూ బాగు చేయలేదు.

రికార్డు ప్లేయర్ నుంచి మీరే ఎక్కించుకుంటున్నట్లయితే మధ్యలో ఫోనో ప్రీయాంప్ తప్పనిసరి. 1950ల మధ్య నుంచి రికార్డులన్నీ ‘ఆర్ఐఏఏ’ అనే ప్రామాణిక వంపుతో చెక్కుతున్నారు. అంటే చెక్కేటప్పుడు మంద్ర శబ్దాలను తగ్గిస్తారు, తార శబ్దాలను పెంచుతారు. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే రెండు కొసలలోనూ తేడా దాదాపు 20 డెసిబెల్స్ దాకా ఉంటుంది. వినేటప్పుడు ఆ వంపును తిరగేసేది ఫోనో ప్రీయాంప్. అది లేకుండా ఎక్కించిన బ్రేక్ పలచగా, గీసినట్టు ఉంటుంది. దాన్ని ఈక్యూతో చేత్తో సరిచేయడానికి గంటలు ఖర్చుపెట్టకండి. ప్రీయాంప్ పెట్టి మళ్లీ ఎక్కించండి.

కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని కూడా ఇప్పుడే వినండి. మన దేశంలో మెయిన్స్ 50 హెర్ట్జ్ కాబట్టి ఇక్కడ ఎక్కించిన వాటిలో ఆ గుయ్ 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అమెరికాలో రికార్డయినప్పుడే చేరిన గుయ్ అయితే 60, 120 దగ్గర ఉంటుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీలో అది స్పష్టంగా వినబడితేనే సన్నని బెల్‌తో (ఒక్క చోటు చుట్టూ మాత్రమే పనిచేసే ఈక్యూ ఆకారంతో), క్యూ విలువ 20 పైన పెట్టి, తగ్గించండి. క్యూ పెరిగేకొద్దీ బెల్ సన్నబడుతుంది. వినబడకపోతే వదిలేయండి. 50, 60 దగ్గరే కిక్ కూడా ఉంటుంది.

ఇంకొక మాట. వినే గది గురించి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే దాని హోరు మంద్ర శబ్దాలను కప్పేస్తుంది. అది కప్పినంత మేరకు మీరు కిక్‌ను అనవసరంగా పెంచుతారు. ఈక్యూ చేసే పది నిమిషాలు ఫ్యాన్ ఆపండి. నేను ఈ అలవాటు చేసుకున్నాక అంతకుముందు చేసిన మిక్సులు విన్నాను. దాదాపు ప్రతిదానిలోనూ 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్య భాగం ఎక్కువగా ఉంది.

వేగం ముందు, ఈక్యూ తరువాత

చాలామంది క్రమం తప్పేది ఇక్కడే. బ్రేక్‌ను దొరికిన వేగంలోనే విని, అందంగా ఈక్యూ చేసి, తరువాత వేగం పెంచుతారు. అప్పటిదాకా చేసిన పనంతా చెదిరిపోతుంది.

లెక్క చూడండి. ఆమెన్ బ్రేక్ అసలు వేగం నిమిషానికి సుమారు 136 బీట్లు. మీ పాట 170 అనుకుందాం. 170ని 136తో భాగిస్తే 1.25. పాత శాంప్లర్లలో లాగా వేగంతో పాటు పిచ్ కూడా పెరిగే పద్ధతిలో చేస్తే బ్రేక్‌లోని ప్రతి ధ్వనీ 1.25 రెట్లు పైకి వెళుతుంది. సంగీతం భాషలో చెప్పాలంటే దాదాపు నాలుగు స్వరస్థానాలు. మీ కాపీలో కిక్ బలం 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే 75కి చేరుతుంది. స్నేర్ పొట్ట 200 దగ్గర ఉంటే 250కి చేరుతుంది. 400 దగ్గర తగ్గించాలనుకున్న డబ్బా మోత 500కి పోతుంది. జంగిల్ సంగీతంలో ఆ స్నేర్ అంత బిగువుగా, చురుగ్గా ఉండడానికి ఈ పిచ్ పెరుగుదలే ముఖ్య కారణం. దాన్ని ఈక్యూతో తెచ్చిపెట్టుకోలేం.

పిచ్ మార్చకుండా వేగం మాత్రమే పెంచే టైమ్ స్ట్రెచ్ వాడితే ధ్వనులు ఉన్నచోటే ఉంటాయి. కానీ దెబ్బల అంచులు కొంత మొద్దుబారుతాయి. ఈ రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోండి. డ్రమ్ బ్రేక్ అంతా దెబ్బల మీదే బతుకుతుంది కాబట్టి నా ఓటు పిచ్‌తో పాటు పెంచే పద్ధతికే.

కరెంటు గుయ్ మాత్రం ఈ క్రమానికి మినహాయింపు. దాన్ని వేగం మార్చకముందే తీసేయండి. లేదంటే 50 కాస్తా 62.5 అవుతుంది, 100 కాస్తా 125 అవుతుంది. తరువాత వెతుక్కోవడం కష్టం.

పాటలో ఈ బ్రేక్ పని ఏమిటి?

ఈక్యూ తెరవకముందే దీనికి జవాబు ఉండాలి. పాటలో డ్రమ్స్ అంటే ఈ బ్రేకేనా? లేక దీని కింద మీరు విడిగా ఒక కిక్, ఒక స్నేర్ పెడుతున్నారా? మొదటిదైతే బ్రేక్ అడుగు భాగాన్ని కాపాడాలి. రెండోదైతే అడుగు భాగాన్ని వదులుకోవాలి. బేస్ లైన్ ఎక్కడ కూర్చుంటుందో కూడా చూసుకోండి. 45 నుంచి 60 హెర్ట్జ్ మధ్య పొడవుగా మోగే సబ్ బేస్ ఉంటే బ్రేక్ కిక్ 80 పైన ఉండడమే మేలు. పిచ్ పెంచినప్పుడు ఆ కిక్ పైకి జరగడం ఇక్కడ కలిసివస్తుంది.

ఇక బ్రేక్‌ను లూప్ చేసి, బేస్‌తో కలిపి మోగించండి. ఒంటరిగా వినిపించే సోలో బటన్‌ను లోపం వెతకడానికి మాత్రమే వాడండి. నిర్ణయం ఎప్పుడూ పాట మోగుతుండగానే తీసుకోవాలి.

ఈక్యూకి మీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినది చాలు. స్పెక్ట్రమ్ (ఏ ధ్వని ఎంత ఉందో చూపే పటం) చూడాలంటే వోక్సెంగో స్పాన్ ఉచితంగా దొరుకుతుంది. డైనమిక్ ఈక్యూ (శబ్దం ఒక స్థాయి దాటినప్పుడు మాత్రమే పనిచేసే ఈక్యూ) కావాలంటే టీడీఆర్ నోవా ఉచితంగా దొరుకుతుంది.

అడుగు భాగం

హై పాస్ ఫిల్టర్ (కింది ధ్వనులను కోసేది) తీసుకుని, ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ వాలుతో 30 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. రికార్డు తిరిగేటప్పుడు పుట్టే లోతైన గురగుర చాలావరకు అక్కడ పోతుంది. చెవికి వినబడకపోయినా అది కంప్రెసర్‌ను (పెద్ద శబ్దాలను అణిచే సాధనాన్ని) అనవసరంగా కదిలిస్తుంది.

బ్రేక్ ఒంటరిగా డ్రమ్స్ పని చేస్తుంటే 40 దగ్గర ఆగిపోండి. కిక్ బరువు తక్కువనిపిస్తే దాని బలం ఎక్కడుందో స్పాన్‌లో చూసి, అక్కడ క్యూ విలువ 1 దగ్గర 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచండి. 6 డెసిబెల్స్ పెంచడమంటే అక్కడ తరంగం ఎత్తును దాదాపు రెట్టింపు చేయడమే. లేని మంద్రం పెంచితే రాదు, ఉన్న హోరే పెరుగుతుంది. పాత బ్రేక్‌లలో అసలు లోతైన కిక్ ఉండదు. దాన్ని ఒప్పుకుని కింద వేరే కిక్ పెట్టుకోవడం ఉత్తమం.

కింద వేరే కిక్ పెడితే బ్రేక్‌ను 100 నుంచి 120 హెర్ట్జ్ దగ్గర కోయండి. కోశాక కూడా రెండు కిక్‌లూ ఒకదానితో ఒకటి కలిసే చోటు ఉంటుంది. అక్కడ అవి ఒకే దిక్కున కదలాలి. 60 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు పూర్తవడానికి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు కిక్‌ల మధ్య 8 మిల్లీసెకన్ల తేడా వస్తే ఒకటి పైకి తోస్తుండగా మరొకటి కిందికి లాగుతుంది. బరువు కోసం కిక్ చేర్చాం, ఉన్న బరువు పోయింది! అలా అనిపించినప్పుడు ఈక్యూ జోలికి వెళ్లకండి. పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి. తరువాత కొత్త కిక్‌ను మిల్లీసెకను చొప్పున జరిపి, ఎక్కడ గట్టిగా తగులుతుందో అక్కడ ఉంచండి. కోల్‌మన్ కిక్‌లు అన్నీ గడియారం కొట్టినట్టు గీత మీద పడవు. కాబట్టి కొత్త కిక్‌ను గ్రిడ్‌కు కాకుండా బ్రేక్‌లోని కిక్‌కు సరిపెట్టాలి.

వాలు మరీ నిటారుగా పెట్టకండి. ఆక్టేవ్‌కు 48 డెసిబెల్స్ లాంటి వాలు కోత దగ్గర తరంగాన్ని మెలితిప్పుతుంది, కిక్ దెబ్బ మెత్తబడుతుంది. 12 చాలకపోతే 24 చాలు.

డబ్బా మోత

300 నుంచి 600 హెర్ట్జ్ మధ్య ఎక్కువైతే డ్రమ్ అట్టపెట్టెలో పెట్టి కొట్టినట్టుంటుంది. వెతకడానికి అందరూ చెప్పే ఉపాయం ఒకటుంది. సన్నని బెల్‌ను 8 డెసిబెల్స్ పైకి లేపి, నెమ్మదిగా జరుపుతూ, ఎక్కడ వికారంగా వినబడితే అక్కడ తగ్గించడం. ఇది పనికొస్తుంది, కానీ ప్రమాదం కూడా ఉంది. అంతగా లేపితే ఏ చోటైనా వికారంగానే ఉంటుంది. అలా ఏడెనిమిది చోట్ల గుంటలు తవ్వి బ్రేక్‌ను డొల్ల చేసినవాళ్లు చాలామంది. ముందు ఈక్యూ లేకుండా విని, బాధ ఏమిటో మీ మాటల్లో చెప్పుకోండి. ‘స్నేర్ తరువాత ఒక బొంగురు తోక మిగులుతోంది’ అని చెప్పగలిగితే అప్పుడు వెతకండి. దొరికాక క్యూ విలువను 1.5 దాకా వెడల్పు చేసి, 2 నుంచి 3 డెసిబెల్స్ తగ్గించండి.

అంతకంటే ఎక్కువ తగ్గించే ముందు ఆలోచించండి. ఆ మధ్య భాగంలోనే గది ఉంది. 1969 నాటి ఆ గదిలో గాలి కదలడం వినబడుతుంది కాబట్టే మనం ఈ బ్రేక్‌ను వెతుక్కుంటూ వచ్చాం. గదిని పూర్తిగా తీసేస్తే మిగిలేది ఏ డ్రమ్ మెషీనైనా ఇవ్వగలిగేదే.

స్నేర్: అసలు పని ఇక్కడే

స్నేర్‌లో రెండు భాగాలను వేరుగా వినడం నేర్చుకోండి. ఒకటి పొట్ట, ‘ధబ్’మనేది. మామూలు పిచ్‌లో 150 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 1.25 రెట్లు పెంచిన మన బ్రేక్‌లో సుమారు 190 నుంచి 310 మధ్య వెతకాలి. రెండోది అంచు, ‘ఫట్’మనేది. అది 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది.

పొట్ట కావాలంటే ఆ స్వరాన్ని కనిపెట్టి 2 డెసిబెల్స్ పెంచండి. పాట శ్రుతికి ఆ స్వరం పొసగకపోతే పెంచిన కొద్దీ అపశ్రుతి పలుకుతుంది. అప్పుడు బ్రేక్ పిచ్‌ను అర స్వరస్థానం అటో ఇటో జరిపి చూడండి. ఈక్యూతో దాచడం కంటే ఇది నయం.

అంచు దగ్గర చిక్కు మొదలవుతుంది. 4 కిలోహెర్ట్జ్ దగ్గర స్నేర్ అంచుతో పాటు రైడ్ సింబల్ మీద కర్ర పడే శబ్దమూ ఉంది, గోస్ట్ నోట్స్ కూడా ఉన్నాయి. గోస్ట్ నోట్స్ అంటే పెద్ద దెబ్బల మధ్య స్నేర్ మీద కర్ర మెల్లగా తగిలించే చిన్న చిన్న తాకిళ్లు. మన మృదంగ విద్వాంసులు ముఖ్యమైన జతుల మధ్య వేళ్లతో నింపే చిన్న పలుకులు విన్నవాళ్లకు ఇవి చేసే పని వెంటనే అర్థమవుతుంది. బ్రేక్ దొర్లుతున్నట్టు, ముందుకు వంగినట్టు అనిపించేది వాటివల్లే. 4 కిలోహెర్ట్జ్‌ను 2 డెసిబెల్స్ దాకా పెంచితే అవి పైకి తేలి మేలే చేస్తాయి. 5, 6 పెంచితే రైడ్ చెవిలో గుచ్చుకుంటుంది.

మరి స్నేర్ ఇంకా గట్టిగా కావాలంటే? బ్రేక్‌ను దెబ్బల దగ్గర ముక్కలు చేయండి. కిక్ ముక్కలు ఒక ట్రాక్‌లో, పెద్ద స్నేర్ ముక్కలు ఇంకో ట్రాక్‌లో, మిగిలినవి మూడో ట్రాక్‌లో పెట్టండి. ముక్కల చివర్లు 2 నుంచి 5 మిల్లీసెకన్లు ఒకదానిలో ఒకటి కరిగేలా ఫేడ్ ఇవ్వండి. లేకపోతే టిక్కుటిక్కుమంటుంది. ఇప్పుడు స్నేర్ ట్రాక్‌కు మాత్రమే 4 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్, పొట్ట దగ్గర 2 డెసిబెల్స్ ఇవ్వవచ్చు. కిక్ ట్రాక్‌లో 6 కిలోహెర్ట్జ్ పైన కొద్దిగా తగ్గించవచ్చు.

కానీ ఆ ప్రశ్న మరవకండి: ఇంకెవరు కాపురం ఉంటున్నారు? స్నేర్ ముక్కలో రైడ్ మోత కూడా ఉంది. స్నేర్ ముక్కను మరీ మెరిపిస్తే రైడ్ ప్రతి స్నేర్ దెబ్బకూ ఒక్కసారి వెలిగి మళ్లీ ఆరిపోతుంది, ఓల్టేజీ సరిగా లేని బల్బులాగా. మూడు ట్రాకుల ఈక్యూల మధ్య ఏ బ్యాండ్‌లోనూ తేడా 3 డెసిబెల్స్ దాటనివ్వకపోతే చాలావరకు ఈ దోషం రాదు. అనుమానం ఉంటే కళ్లు మూసుకుని రైడ్‌ను మాత్రమే వింటూ నాలుగు బార్లు గడపండి. రైడ్ ఒకే చేతి నుంచి వస్తున్నట్టు వినబడాలి.

నాలుగో బార్‌లో ఒక క్రాష్ సింబల్ పడుతుంది. మీరు మిగతా మూడు బార్లకు సరిపడా పైభాగం పెంచి ఉంటే ఈ క్రాష్ ఒక్కసారిగా మీద పడుతుంది. దానికోసం మొత్తం బ్రేక్‌ను మందకొడిగా చేయనక్కరలేదు. డైనమిక్ ఈక్యూలో 7 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పుగా ఒక బ్యాండ్ పెట్టి, క్రాష్ వచ్చినప్పుడు మాత్రమే 3 డెసిబెల్స్ తగ్గేలా త్రెషోల్డ్ (అది పని మొదలుపెట్టే స్థాయి) సరిచేయండి. లేదా ఆ ఒక్క ముక్క స్థాయినే కాస్త తగ్గించండి. ఆ పాత పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

పైభాగం

10 కిలోహెర్ట్జ్ పైన పాత బ్రేక్‌లలో సంగీతం కొంచెం, బుస ఎక్కువ. అక్కడ షెల్ఫ్ (ఒక చోటు నుంచి పైనున్నదంతా ఒకేలా పెంచే ఈక్యూ) పెంచితే కొత్తగా రికార్డు చేసినట్టు మెరుస్తుందని ఆశ పుడుతుంది. పెరిగేది బుసే. మెరుపు కావాలంటే ఒక శుభ్రమైన హై హ్యాట్‌ను పలచగా పైన కలపండి. బ్రేక్‌ను మాత్రం 12 నుంచి 14 కిలోహెర్ట్జ్ మధ్య లో పాస్ ఫిల్టర్‌తో (పై ధ్వనులను కోసేదానితో) మెత్తగా మూయండి.

ఇలా మూయడం వల్ల ఏమైనా కోల్పోతామా అని భయపడేవారికి ఒక సంగతి చెప్పాలి. 1987లో ఈమ్యూ కంపెనీ తెచ్చిన ఎస్‌పీ-1200 శాంప్లర్ మీద ఎన్నో గొప్ప హిప్‌హాప్ బీట్లు తయారయ్యాయి. అది సెకనుకు 26,040 సార్లు, 12 బిట్ల లోతుతో శాంపిల్ చేసేది. శాంపిల్ చేసిన వేగంలో సగానికి మించిన ధ్వనులు సరిగా నిలవవు కాబట్టి దానిలో సుమారు 13 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగిలేది కాదు. పైగా దానికి ఎనిమిది అవుట్‌పుట్లు. మొదటి రెండింటికి దెబ్బ పడ్డాక మూసుకునే ఫిల్టర్ ఉండేది, 3 నుంచి 6 దాకా స్థిరమైన ఫిల్టర్లు, 7, 8కి ఫిల్టర్ లేదు. కిక్‌ను మొదటిదానికి, హ్యాట్‌ను చివరిదానికి పంపడమంటే అదే ఒక ఈక్యూ నిర్ణయం. వాళ్లకు మనకున్నన్ని నాబ్‌లు లేవు. ఏ శబ్దం ఏ తీగలోంచి వెళ్లాలో వాళ్లు ఎంచుకున్నారు.

ఆ యంత్రం గరుకుదనం మాత్రం ఈక్యూతో రాదు. పిచ్ మార్చినప్పుడు పుట్టే అదనపు ధ్వనుల వల్ల వచ్చే గరుకు అది. దానికి బిట్‌క్రషర్ (శబ్దాన్ని కావాలని గరుకు చేసే సాధనం) లాంటిది వాడి, ఆ తరువాత లో పాస్ పెట్టాలి.

కంప్రెసర్‌తో పొత్తు

తగ్గించే ఈక్యూ కంప్రెసర్‌కు ముందు, పెంచే ఈక్యూ తరువాత. ఇది నియమం కాదు గానీ బ్రేక్‌ల విషయంలో పదింట ఎనిమిది సార్లు ఇదే కుదురుతుంది. ముందే పనికిరాని మంద్రాన్ని తీసేస్తే కంప్రెసర్ ప్రతి గురగురకూ ఉలిక్కిపడదు. కంప్రెసర్ గోస్ట్ నోట్స్‌ను, గదిని పైకి తెస్తుంది. కాబట్టి దాని తరువాత డబ్బా మోత మళ్లీ తల ఎత్తవచ్చు. ఇంకో 1 డెసిబెల్ తగ్గించాల్సి రావచ్చు.

బ్రేక్ కాపీ ఒకటి తీసి, 200 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య మాత్రమే ఉంచి, కంప్రెసర్‌తో గట్టిగా నలిపి, అసలు బ్రేక్ కింద సన్నగా కలపడం నాకు బాగా ఇష్టమైన పద్ధతి. బ్రేక్ దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. అయితే కాపీ మీద పెట్టిన ఫిల్టర్లు కొన్ని ధ్వనులను కాలంలో కాస్త జరుపుతాయి. అసలుతో కలిసినప్పుడు స్నేర్ పలచబడితే కారణం అదే. ఫిల్టర్ వాలు తగ్గించండి, లేదా కోత చోటును జరపండి. లీనియర్ ఫేజ్ ఈక్యూ ఈ జరుగుడు లేకుండా చేస్తుంది. కానీ దెబ్బకు ముందే చిన్న గుసగుసలాంటి మోతను పుట్టిస్తుంది. పియానోకో గొంతుకో అది పట్టదు. డ్రమ్ దెబ్బకు ముందు నిశ్శబ్దం ఉంటుంది కాబట్టి, ముఖ్యంగా అడుగు భాగం కోతల్లో, అది వినబడిపోతుంది. ప్రధాన బ్రేక్ మీద మామూలు మినిమమ్ ఫేజ్ ఈక్యూనే వాడండి.

సరిచూసుకోవడం

ఈక్యూ చేసిన బ్రేక్ ఎప్పుడూ అసలుకంటే బాగుందనిపిస్తుంది, ఎందుకంటే సాధారణంగా అది కాస్త పెద్దగా ఉంటుంది. చెవి పెద్ద శబ్దాన్నే మెచ్చుకుంటుంది. ప్లగిన్ అవుట్‌పుట్ తగ్గించి, బైపాస్ చేసినా చేయకపోయినా ఒకే స్థాయిలో వినబడేలా పెట్టండి. అప్పుడు చూపు తిప్పుకుని బైపాస్ నొక్కుతూ పోల్చండి. ఏది ఏదో తెలియకుండా ఎంచుకున్నప్పుడు కూడా ఈక్యూ చేసినదే నచ్చితే ఉంచండి. తేడా చెప్పలేకపోతే ఆ బ్యాండ్‌ను తీసేయండి. నా బ్రేక్‌ల మీద మొదట ఏడెనిమిది బ్యాండ్లు ఉంటే ఈ పరీక్ష తరువాత మూడో నాలుగో మిగులుతాయి.

తరువాత మోనోలో వినండి. కింద చేర్చిన కిక్, నలిపిన కాపీ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయేమో ఇక్కడ బయటపడుతుంది. ఫోను స్పీకర్‌లోనూ ఒకసారి వినండి. అందులో లోతైన మంద్రం అసలు రాదు. అక్కడ కిక్ మాయమైతే 100 హెర్ట్జ్ పెంచి ప్రయోజనం లేదు. 1.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య కిక్ కర్ర తగిలే ‘టక్’ శబ్దానికి ఒక్క డెసిబెల్ ఇవ్వండి. అక్కడ స్నేర్ కూడా ఉందని గుర్తుంచుకుని, దాని వైపు కూడా ఒక చెవి వేయండి.

రేపు ఉదయం, వేరే ఏమీ వినకముందే, పాట మొదటి నుంచి ఒకసారి మోగించండి. ముందురాత్రి పెంచిన పైభాగంలో సగం ఎక్కువేనని చాలాసార్లు తేలుతుంది. రెండు మూడు గంటలు వింటే చెవి అలసి తార శబ్దాలకు మొద్దుబారుతుంది.

విడుదల చేసే ముందు

నేర్చుకోవడానికి ఇంట్లో చేసుకునేది వేరు, విడుదల చేసేది వేరు. రికార్డు నుంచి బ్రేక్ తీసుకుంటే ఇద్దరి అనుమతి కావాలి: ఆ రికార్డింగ్ హక్కు ఉన్నవారిది, ఆ స్వరరచన హక్కు ఉన్నవారిది. ఈక్యూ ఎంత మార్చినా ఈ బాధ్యత మారదు. వేల పాటలను నడిపించిన ఆ ఏడు సెకన్లకు కోల్‌మన్‌కు రాయల్టీ అందలేదు. ఆయన 2006లో నిరుపేదగా చనిపోయారు. 2015లో ఇంగ్లండ్‌లోని అభిమానులు విరాళాలు పోగుచేసి దాదాపు 24,000 పౌండ్లు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు అందజేశారు. అనుమతి తీసుకోలేని పక్షంలో ఈ శైలిలోనే కొత్తగా వాయించి, హక్కులతో సహా అమ్మే బ్రేక్‌లు కొనుక్కోండి. లేదా ఒక డ్రమ్మర్‌ను పిలిచి, ఒక్క మైకుతో గదిలో రికార్డు చేసుకోండి. పైన చెప్పిన పద్ధతులన్నీ వాటికీ అలాగే పనిచేస్తాయి.

పని పూర్తయ్యాక మూడు ఫైళ్లు దాచుకోండి. ముట్టుకోని అసలు శాంపిల్ ఒకటి. గుయ్ తీసి వేగం మార్చినది, ఈక్యూ లేనిది ఒకటి. ఈక్యూతో సహా ఎగుమతి చేసినది ఒకటి. ఫైలు పేరులో వేగం కూడా రాయండి. వచ్చే పాట 160లో ఉంటే మొదటి ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు 75కి చేరిన కిక్ ఈసారి 70 దగ్గరే ఆగుతుంది. కాబట్టి పాత ఈక్యూ అమరికను అలాగే అతికించకుండా కొత్తగా వినండి.